ఆడని సినిమాల్లోంచి మంచి పాటలు ఏరుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

‘ఈ పాట ఏ సినిమాలోదండీ?’ అని అడుగుతారు. పేరు చెప్పగానే ‘అందులోదా! ఆ సినిమా పోయింది కదా!’ అంటారు. వెంటనే ఇంకో ప్రశ్న: ‘ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయి, ఎలా వెతకాలి?’ ఇది పదే పదే వస్తోంది కాబట్టి పద్ధతి మొత్తం ఒకేచోట పెడుతున్నాను.

‘ఫ్లాప్ సినిమాల్లో హిట్ పాటలు’ అని తిరిగే జాబితాలతో పెద్దగా పని జరగదు. ‘ఆరెంజ్’ (2010), ‘ఓయ్’ (2009), ‘పంజా’ (2011) అన్నిట్లోనూ ఉంటాయి. మొదటి రెండూ మళ్లీ విడుదలైనప్పుడు జనం థియేటర్లలో గొంతు కలిపి పాడారు కూడా. వాటిని కొత్తగా కనిపెట్టేదేం లేదు. మనకు కావాల్సినవి ఆ జాబితాల్లోకి ఎక్కనివి.

## 1. మొదలుపెట్టే ముందు

పెద్ద సరంజామా అక్కర్లేదు. కింది నాలుగూ ఉంటే చాలు:

- ఒక నోటుబుక్కు, లేదా ఫోన్లో ఒక పట్టిక. గడులు: సినిమా, సంవత్సరం, పాట మొదటి మాటలు, సంగీతం, రచన, గానం, నా మాట.
- ఇయర్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్లో బేస్ వినిపించదు, వెనక తీగ వాద్యాలు కలిసిపోతాయి. సగం పాటలు ‘ఏముందిందులో’ అనిపించడానికి కారణం ఇదే.
- పాటలు వినే యాప్ ఏదైనా ఒకటి, దానికి తోడు యూట్యూబ్. యాప్‌లో లేని పాతవి యూట్యూబ్‌లో ఉంటాయి. యూట్యూబ్‌లో మూడు వెర్షన్లుంటే యాప్‌లో శుభ్రమైనది ఒకటుంటుంది.
- రోజూ ఓ అరగంట. ఒక్క ఆదివారం కూర్చుని ముప్ఫై ఆల్బమ్‌లు తిరగేస్తే సాయంత్రానికి అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

## 2. సినిమా ఎలా పోయిందో చూడండి

ఈ పని మొత్తంలో అసలు కిటుకు ఇదే, అందుకే కొంచెం ఆగి చెబుతాను. పోయిన సినిమాలన్నీ ఒకటి కాదు. ఎందుకు పోయిందో తెలిస్తే పాటలు ఎలా ఉంటాయో ముందే కొంత అంచనా వేయొచ్చు.

రొటీన్‌గా తీసి పోయినవి. ఐదు పాటలు, ఆరు ఫైట్లు, ఇంటర్వెల్‌కు ముందొక ఫ్లాష్‌బ్యాక్. కథకు పట్టిన గతే పాటలకూ పడుతుంది. హీరో పరిచయ గీతం, విదేశాల్లో డ్యూయెట్, క్లైమాక్స్ ముందొక మాస్ పాట. ఇక్కడ నూటికి ఒకటి దొరికితే గొప్ప. వీటిని చివరికి వదిలేయండి.

కొత్తగా ఏదో చేయబోయి బోల్తా పడ్డవి. గని ఇక్కడుంది. ‘నాని’ (2004) తీసుకోండి. ఎనిమిదేళ్ల కుర్రాడు ఒక శాస్త్రవేత్త ప్రయోగంతో ఇరవై ఎనిమిదేళ్లవాడైపోయే కథ. జనానికి ఎక్కలేదు. ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో, చంద్రబోస్ రాసిన ‘పెదవే పలికిన మాటల్లోనే’ మాత్రం అమ్మ మీద పాట అనగానే మొదట గుర్తొచ్చేవాటిలో ఒకటైపోయింది. ‘టక్కరి దొంగ’ (2002) కౌబాయ్ సినిమా, ‘మృగరాజు’ (2001) అడవి నేపథ్యంలో సాగేది. ఇలాంటి సాహసాలకు దిగిన దర్శకుడు పాటల దగ్గరా ‘మామూలు ట్యూన్ వద్దు’ అని పట్టుబడతాడు. పైగా మన దగ్గర చాలా పాటలు షూటింగ్‌కు ముందే తయారవుతాయి. సెట్‌లో కథ దారి తప్పే సమయానికి పాట ఎప్పుడో రికార్డయిపోయి ఉంటుంది.

బాగుండి కూడా డబ్బులు రానివి. ‘రుద్రవీణ’ (1988) వసూళ్లలో దెబ్బతింది. కానీ ఇళయరాజాకు సంగీత దర్శకుడిగా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి గాయకుడిగా జాతీయ పురస్కారాలు తెచ్చింది. ఇలాంటివి వెతికే పనే లేదు, హాయిగా సినిమా మొత్తం చూడండి.

కాబట్టి పాత సమీక్ష చదివేటప్పుడు రేటింగ్ చూడకండి. ‘ప్రయత్నం మంచిదే గానీ...’, ‘దర్శకుడు ఏదో చెప్పబోయి...’, ‘సెకండాఫ్‌లో దారి తప్పింది’ లాంటి వాక్యాలు కనబడితే పేరు రాసుకోండి. ‘చూసిందే మళ్లీ చూసినట్టుంది’ అని ఉంటే పక్కన పెట్టండి.

## 3. సినిమాను కాదు, మనిషిని పట్టుకోండి

ఫ్లాపుల జాబితా ముందేసుకుని కూర్చుంటే ఏళ్లు పడుతుంది. సంగీత దర్శకుడినో, రచయితనో, ఒక జోడీనో పట్టుకుంటే వారంలో పని తేలుతుంది. మూడు దారులు చెబుతాను.

దారి అ: సంగీత దర్శకుడి మంచి రోజులు. ఒకాయన చేతికి పట్టిందల్లా బంగారమైన నాలుగైదేళ్లు ఉంటాయి. ఆ కాలంలో ఆయన చేసిన హిట్లు మీకెలాగూ తెలుసు. వాటి మధ్య వచ్చి పోయినవాటిని చూడాలి.

మణిశర్మనే తీసుకుందాం. 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, ‘మృగరాజు’, ‘దేవీపుత్రుడు’ వచ్చాయి. మూడింటికీ సంగీతం ఆయనే. మొదటిది రికార్డులు తిరగరాసింది, మిగతా రెండూ పోయాయి. తర్వాత కొద్ది నెలల్లోనే ‘మురారి’, ‘ఖుషి’ వచ్చాయి. చెయ్యి అదే, కాలమూ అదే, ఫలితమే వేరు. మరి ‘మురారి’ పాటలు కంఠతా వచ్చినవాళ్లలో ‘మృగరాజు’లోని ‘శతమానమన్నదిలే’ విన్నవాళ్లు ఎందరు? చిరంజీవి స్వయంగా పాడిన ఛాయ్ పాట ఒక్కటే జనానికి గుర్తుంది.

అదే వరసలో ముందుకూ వెనక్కూ జరగండి. ‘రావోయి చందమామ’ (1999)లో వేటూరి రాసిన ‘స్వప్నవేణువేదో’, ‘టక్కరి దొంగ’లో ‘నలుగురికీ నచ్చినది’, ‘శ్రీ ఆంజనేయం’ (2004)లో ‘పూల ఘుమఘుమ’, ‘గుడుంబా శంకర్’ (2004)లో ‘చిగురు బోణియా’. ‘ఒక్కడు’కు కొద్ది నెలల ముందే వచ్చి పోయిన ‘బాబి’ (2002) ఆల్బమ్‌ను వరసగా వినండి. పేర్లు నేను చెప్పను, మీరే ఏరుకోండి.

దారి ఆ: దర్శకుడు, సంగీత దర్శకుడి జోడీ. వంశీ, ఇళయరాజా అనగానే ‘సితార’ (1984), ‘అన్వేషణ’ (1985), ‘లేడీస్ టైలర్’ (1986) అంటారు. వాటి మధ్యలో, తర్వాత ఆడనివి మూడున్నాయి. ‘ప్రేమించు పెళ్ళాడు’ (1985)లో ‘వయ్యారి గోదారమ్మ’, ‘నిరంతరమూ వసంతములే’. ‘ఆలాపన’ (1986)లో ‘కలిసే ప్రతి సంధ్యలో’. ‘మహర్షి’ (1987)లో ‘మాటరాని మౌనమిది’, ‘సుమం ప్రతి సుమం’. నా లెక్కలో ఈ మూడు ఆల్బమ్‌లూ ఆ జోడీ హిట్లకు ఏమాత్రం తీసిపోవు. ‘మహర్షి’ అయితే ఒక మెట్టు పైనే.

దారి ఇ: రచయిత. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే ఇష్టం. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాంగోపాల్ వర్మ సినిమాలకు రాసినవి చూడండి. ‘అంతం’ (1992)లో ‘ఓ మైనా నీ గానం’, ‘గోవిందా గోవిందా’ (1994)లో రాజ్-కోటి స్వరపరిచిన ‘అందమా అందుమా’, ‘ప్రేమకథ’ (1999)లో సందీప్ చౌతా స్వరపరిచిన ‘దేవుడు కరుణిస్తాడని’. ముగ్గురు నలుగురు సంగీత దర్శకులు మారారు, మూడు సినిమాలూ అనుకున్నంత ఆడలేదు, రచయిత స్థాయి మాత్రం ఎక్కడా దిగలేదు.

ఈ మూడు దారుల్లో ఏదో ఒక్కటి ఎంచుకుని మొదలుపెట్టండి. మూడూ ఒకేసారి తొక్కితే నోటుబుక్కు నిండుతుంది, చెవికి ఏదీ ఎక్కదు.

## 4. వడకట్టడం

ఎంచుకున్న మనిషి పనిచేసిన సినిమాల పేర్లు సంవత్సరాల వారీగా రాసుకున్నాక:

- మీకు పాటలన్నీ వచ్చిన సినిమాలు కొట్టేయండి.
- ‘బెస్ట్ ఆఫ్’ సంకలనాల్లో రెండు మూడు పాటలున్న సినిమాలు కొట్టేయండి.
- రీమేక్ అయితే పక్కన గుర్తు పెట్టండి. మాతృకలోని ట్యూన్లే వచ్చి ఉండొచ్చు.
- డబ్బింగ్ అయితే విడిగా ఇంకో పేజీలో రాయండి. ‘ఇద్దరు’ (1997), ‘కడలి’ (2013), ‘చెలియా’ (2017) లాంటివి అక్కడికి వెళ్తాయి.
- మిగిలినవాటిలో ఐదు ఎంచుకోండి. ఈ వారానికి అవే.

## 5. వినే క్రమం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ముప్ఫై సెకన్లు విని తర్వాతి పాటకు దాటేస్తారు. రీల్స్ అలవాటు.

మొదటిసారి: ఆల్బమ్ మొత్తం వరసగా, ఆపకుండా. ఏ పనైనా చేసుకుంటూ వినొచ్చు. ఏ పాట దగ్గర చేతిలో పని ఆగిందో దానికి టిక్కు పెట్టండి.

క్యాసెట్ కాలం నాటి ఆల్బమ్ అయితే మూడో పాట తర్వాత వచ్చేవాటి మీద చెవి పెట్టండి. జోరుగా అమ్ముడయ్యే పాటను మొదట పెట్టడం మామూలు. నెమ్మదైన పాటలు, ఒక్క చరణంతో ముగిసే బిట్ సాంగ్‌లు అడుగున ఉంటాయి.

రెండోసారి: టిక్కు పెట్టినవి మాత్రమే, ఇయర్‌ఫోన్స్‌తో, కూర్చుని. ఇప్పుడు నాలుగు చోట్ల గమనించాలి.

- పల్లవి: రెండో లైను మొదటి లైనును ముందుకు తీసుకెళ్తోందా, అదే మాటను మళ్లీ అంటోందా?
- మొదటి ఇంటర్‌లూడ్ (పల్లవికీ చరణానికీ మధ్య వాయించే సంగీతం): పల్లవిలో లేని కొత్త సంగతి ఏదైనా వచ్చిందా?
- మొదటి చరణం: ట్యూన్ ఎటు తిరిగింది? పల్లవిని ఒప్పించడానికి పదిమంది ఉంటారు. నిర్మాత, హీరో, ఆడియో కంపెనీ, అందరూ తలో మాట అంటారు. చరణం జోలికి పెద్దగా ఎవరూ రారు. సంగీత దర్శకుడి సత్తా చూడాలంటే అక్కడే చూడాలి.
- రెండో చరణం: రచయితకు ఇంకా చెప్పాల్సింది ఉందా, లేక ప్రాసలతో నింపేశాడా?

‘చక్రం’ (2005)లోని ‘జగమంత కుటుంబం నాది’తో ఇది సాధన చేయొచ్చు. సంగీతం చక్రి, రచన సిరివెన్నెల, పాడింది మరో సంగీత దర్శకుడు శ్రీ. పల్లవిలోనే లోకమంతా తన కుటుంబమనీ, తనది ఏకాకి జీవితమనీ పక్కపక్కన రెండు మాటలు పెట్టేశారు. ఒకదాన్నొకటి కొట్టేసే మాటలవి. చరణాల్లో ఆ రెంటినీ ఎలా మోసుకెళ్లారో వింటుంటే తెలుస్తుంది, ఎక్కడా ఒక వైపుకు ఒరిగిపోరు. గాయకుడు కూడా ఏడుపు తెచ్చుకోకుండా మామూలుగా మాట్లాడుతున్నట్టు పాడారు. ఇదే వేరే సినిమాలో అయితే కోరస్‌లూ వయొలిన్లూ దంచేసేవారు.

మూడోసారి: వారం పోయాక. పల్లవి మీకు గుర్తుండి, మళ్లీ వినాలనిపిస్తే పట్టికలో ఎక్కించండి. లేదంటే ఆ పాటతో పేచీ లేదు, వదిలేయండి.

## 6. చూడటం ఎప్పుడు

విన్నాకే చూడండి. ఈ వరస తిరగేస్తే పాట పాడైపోతుంది. రంగురంగుల చొక్కాలు, వెనక ముప్ఫైమంది డ్యాన్సర్లు, మంచు కొండల్లో వణుకుతున్న హీరోయిన్ ఒకసారి కళ్లలో పడితే ట్యూన్ విన్న ప్రతిసారీ అవే గుర్తొస్తాయి.

సినిమా మొత్తం చూసే శిక్ష వేసుకోనక్కర్లేదు. పాటకు రెండు నిమిషాల ముందు నుంచి, పాట అయ్యాక ఒక నిమిషం వరకు చూస్తే సందర్భం అర్థమవుతుంది. కొన్ని పాటల్లో ఒక లైను ఎందుకుందో సందర్భం చూస్తేనే తెలుస్తుంది.

టీవీలో వేసే ప్రింట్లలో పాటలు కోసేస్తుంటారు. పాట కనిపించలేదని అది సినిమాలో లేదనుకోకండి.

## 7. వివరాలు సరిచూసుకోవడం

ఎవరో అప్‌లోడ్ చేసిన వీడియో కింద రాసిన పేర్లను నమ్మి పట్టిక నింపొద్దు. తప్పులు అక్కడ పుట్టి ఊరంతా తిరుగుతాయి.

- ఆడియో హక్కులున్న కంపెనీ సొంత ఛానల్‌లో వివరాలు చూడండి.
- సినిమా మొదట్లో టైటిల్స్ ఆపి చదవండి. గాయకులు, రచయితల పేర్లు వస్తాయి గానీ ఏ పాట ఎవరిదో ఉండదు.
- ఏ పాట ఎవరిదో తెలియాలంటే క్యాసెట్ అట్ట, రికార్డు కవరు ఫొటోలు వెతకండి. పాత సినిమాలకు థియేటర్ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఇంకా మేలు. కథ సగం చెప్పి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసేవి, అవే.
- ఆకాశవాణి వివిధ భారతిలో పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం చెబుతారు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి స్టేషన్లు వస్తాయి, విదేశాల్లో ఉన్నవాళ్లకు సులువు.

ఒకే ఆల్బమ్‌కు ఒక్కరే సంగీత దర్శకుడు అనుకోవద్దు. ‘అంతం’లో ఆర్.డి. బర్మన్, కీరవాణి, మణిశర్మ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ‘శశిరేఖా పరిణయం’ (2009)లో మణిశర్మ, విద్యాసాగర్. ఇలాంటి చోట పాట పాటకూ విడిగా చూసుకోవాలి.

## 8. పాట దొరక్కపోతే

వేరే సినిమా పాటలు వస్తున్నాయి. పేరు కలిసిన సినిమాలతో ఇదే గొడవ. ‘మహర్షి’ అని కొడితే 2019 సినిమా వస్తుంది. ‘నాని’ అని కొడితే నటుడు నాని పాటలన్నీ వరస కడతాయి. పేరు పక్కన సంవత్సరం, సంగీత దర్శకుడి పేరు చేర్చండి. యాప్‌లో చూపించే సంవత్సరం ఆల్బమ్ అక్కడ ఎక్కించిన సంవత్సరం అయి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని కొట్టిపారేయకండి.

అసలేమీ రావడం లేదు. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఒకసారి వెతకండి. దీర్ఘాలు, ఒత్తులు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. సినిమాకు రెండు పేర్లుంటే రెండిటితోనూ చూడండి. ‘కొమరం పులి’ (2010) కొన్నిచోట్ల ‘పులి’ అనే ఉంటుంది.

మాటలు గుర్తులేవు, ట్యూన్ మాత్రం వస్తోంది. గూగుల్ యాప్‌లో హమ్ చేసి వెతకొచ్చు. పల్లవి ట్యూన్ పది పదిహేను సెకన్లు, తాళం తప్పకుండా. అందులో రాకపోతే అదే పాటకు తమిళ, కన్నడ రూపం ఉందేమో చూడండి. ‘నాని’ పాటలు తమిళంలో ‘న్యూ’ పేరుతో ఉన్నాయి.

ఉంది గానీ గొంతు తేడాగా ఉంది. క్యాసెట్ నుంచి ఎక్కించినప్పుడు టేపు వేగం తేడా వస్తే శ్రుతి పైకో కిందికో జరుగుతుంది. ఇంకో వెర్షన్‌తో పోల్చి చూశాకే గాయకుణ్ణి అనండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

రీమిక్స్‌ను కొత్త పాట అనుకోవడం. ‘జానీ’ (2003)లో ‘ఈ రేయి తీయనిది’ విని మురిసిపోయినవాళ్లు చాలామంది. అది పాత పాటే. పట్టికలో అసలు సినిమా పేరు రాయండి.

కవర్‌ను, స్లో చేసిన వెర్షన్‌ను విని తీర్పు చెప్పడం. ప్రతిధ్వని దట్టించి వేగం తగ్గిస్తే ఏ పాటైనా గంభీరంగానే ఉంటుంది. అసలుది వినండి.

పెద్ద హీరోల ఫ్లాపులకే పరిమితం కావడం. వాళ్ల పాటలను అభిమానులే బతికించుకుంటారు. పేరు కూడా వినని హీరో సినిమా, సంగీత దర్శకుడు మాత్రం తెలిసినవాడు, అలాంటిది కనబడితే ముందు దాన్ని తీయండి.

మీ కాలేజీ రోజుల పాటలన్నీ గొప్పవే అనుకోవడం. దీనికి మందు ఒకటే. మీకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లకు ఏమీ చెప్పకుండా వినిపించండి. వాళ్లు ‘ఇంకోసారి పెట్టండి’ అంటే పాటలో విషయం ఉన్నట్టు.

ఒక్క మంచి పాట దొరికిందని ఆల్బమ్ మొత్తాన్ని మోయడం. ఐదింటిలో ఒక్కటే బాగుండొచ్చు. ఆ ఒక్కటే ఉంచుకోండి.

## 10. దాచుకోవడం, పంచుకోవడం

యాప్‌లో ప్లేలిస్ట్ పెట్టుకున్నా పట్టిక మాత్రం వదలొద్దు. హక్కులు చేతులు మారితే పాటలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి, ప్లేలిస్ట్‌లో బూడిద రంగు గీత మిగులుతుంది. పట్టికలో పేరు, సంవత్సరం, రచయిత ఉంటే మళ్లీ ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. వీలైన చోట సీడీనో, డిజిటల్ కాపీనో కొనుక్కోండి.

ఎవరికైనా పంపేటప్పుడు:

- ఒక్క పాటే పంపండి. పది లింకులు పంపితే ఒక్కటీ తెరవరు.
- ఆడియో లింకు పంపండి, వీడియో కాదు.
- సినిమా పేరు ముందే చెప్పొద్దు. రచయిత, గాయకుల పేర్లు రాయండి చాలు. విన్నాక వాళ్లే అడుగుతారు, అప్పుడు చెప్పండి.